మూడు వారాల బాతుపిల్లలు: ముందు పిలుపు, తర్వాత నడక, ఆఖరున నీళ్ళు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: కనుమ నాడు ప్రభల తీర్థంలో పిల్లలు ముచ్చటపడితే రెండు తెల్ల బాతుపిల్లల్ని కొన్నారు. ఇప్పుడు వాటికి మూడు వారాలు దాటాయి. ఇల్లు అమలాపురం దగ్గర పంట కాలువ గట్టు పక్కన. వెనక కొబ్బరి తోట, దాని అవతల దాళ్వా (రెండో పంట వరి) చేలు. బయట తిప్పడం ఎప్పటినుంచి, పిలిస్తే వచ్చేలా ఎలా నేర్పాలి, కాలువలో ఈతకు వదలొచ్చా, తప్పిపోతే ఏం చేయాలి అని అడిగారు.

బయట తిప్పడం ఇవాళే మొదలుపెట్టొచ్చండీ. మంచు విడిచి ఎండ కాశాక, కంచె లోపల, పావుగంట. కాలువలో మాత్రం ఇప్పుడే వదలొద్దు. ఎనిమిది వారాలు నిండి, వీపు మీదా రెక్కల కిందా కూడా ఈకలు పూర్తిగా వచ్చేదాకా ఈత టబ్బులోనే. ఆ తర్వాత కూడా నిలవ నీళ్ళున్న ఇంటి గుంట అయితే సరే, పారే కాలువ అయితే వద్దనే చెబుతాను. కారణాలు కింద రాశాను.

బాతుకి ఈత ఎవరూ నేర్పక్కర్లేదు. నేర్పాల్సింది తిరిగి రావడం. కొన్న వారానికే కాలువ రేవులో దింపి, అవి చక్కగా ఈదుతుంటే ఫోన్లో వీడియో తీసుకుని, చీకటి పడే వేళకి గట్టు వెంట రాళ్ళు విసురుతూ తరుముకునే ఇళ్ళు మన వైపు చాలా ఉన్నాయి. అందుకే వరస తప్పొద్దు: ముందు పిలుపు, తర్వాత నడక, ఆఖరున నీళ్ళు.

పిలుపు నేర్పడం

గుడ్డులోంచి వచ్చిన మొదటి ఒకటి రెండు రోజుల్లో కళ్ళ ముందు కదిలిన దాన్నే బాతుపిల్ల తల్లి అనుకుంటుంది. మీరు కొనేసరికి ఆ సమయం దాటిపోయింది. కాబట్టి అవి మిమ్మల్ని తల్లి అనుకోవు, మేత తెచ్చే మనిషి అనుకుంటాయి. పిలుపు నేర్పడానికి అది చాలు.

ముందు ఒక శబ్దం ఎంచుకోండి. ఇంట్లో అందరూ ఒకేలా చేయగలిగేది కావాలి. నోటితో పిలిస్తే పాప ఒకలా, నాయనమ్మ ఒకలా పిలుస్తారు, పిల్లలు గందరగోళపడతాయి. స్టీలు కంచం మీద చెంచాతో మూడు దెబ్బలు బాగా పనిచేస్తాయి. తోట చివరి దాకా వినిపిస్తుంది, ఎవరు కొట్టినా ఒకటే మోత.

మొదటి మూడు రోజులు పిల్లలున్న పెట్టె దగ్గరే, మేత పెట్టే క్షణంలోనే ఆ మూడు దెబ్బలు కొట్టండి. రోజుకి నాలుగైదు సార్లు, ప్రతిసారీ కొంచెమే. ముందు మోత, వెంటనే మేత. మేత పెట్టేశాక కొడితే అవి రెంటినీ ముడిపెట్టుకోలేవు.

నాలుగో రోజు నుంచి గదిలోనో వరండాలోనో వదిలి, రెండు మూడు మీటర్ల దూరంలో నిలబడి కొట్టండి. వచ్చిన వాటికి రోజూ పెట్టే దాణా కాకుండా ఇంకాస్త రుచైనది పెట్టండి: నీళ్ళలో తేలే నాచు, అజొల్లా, తరిగిన వానపాము, పొట్టు తీసిన పచ్చి రొయ్య సన్నగా తుంచింది, లేకపోతే నానబెట్టిన నూకలు. ఎండు రొయ్యలు, ఎండు చేపలు పెట్టకండి. వాటిలో ఉప్పు ఎక్కువ, బాతుపిల్ల ఒంటికి ఉప్పు పడదు.

తర్వాత దొడ్లో కంచె లోపల. ఆ తర్వాత కంచె తలుపు తీసి ఐదు మీటర్లు, పది మీటర్లు. వరసగా పదిసార్లు పిలిస్తే పదిసార్లూ రెండూ వచ్చినప్పుడే దూరం పెంచండి. ఎనిమిదిసార్లే వస్తే ఒక మెట్టు వెనక్కి వెళ్ళండి. మామూలుగా రెండు మూడు వారాలు పడుతుంది. అంటే నీటికి సిద్ధమయ్యే వయసు వచ్చేసరికి పిలుపు కూడా కుదిరి ఉంటుంది.

ఇందులో చెడగొట్టుకునే మార్గాలు మూడే. ఒకటి, పిలిచి పట్టుకుని మందు పోయడం, గూట్లో పెట్టడం. నాలుగుసార్లు అలా జరిగితే కంచం మోతకి ఎదురుగా రావడం మాని దూరంగా పోతాయి. పట్టుకోవాల్సి వస్తే పిలవకుండా మీరే దగ్గరికి వెళ్ళండి. రెండు, రాకపోతే ఆపకుండా వాయించడం. ఒక్కసారి కొట్టి, పది లెక్కపెట్టి, రాకపోతే మీరు నాలుగడుగులు దగ్గరికి వెళ్ళి మళ్ళీ కొట్టండి. మూడు, సాయంత్రం బయటే కడుపునిండా పెట్టేయడం. కడుపు నిండిన బాతు ఏ మోతా వినిపించుకోదు. సాయంత్రపు పెద్ద మేత ఎప్పుడూ గూట్లోనే, ఎప్పుడూ పిలుపు తర్వాతే. చీకటి పడే ముందు వాటంతట అవే గూటి వైపు నడవడం ఈ ఒక్క అలవాటుతోనే వస్తుంది.

ఇంకో మాట. ఐదు నుంచి ఎనిమిది వారాల మధ్య, ఈకలు వచ్చే రోజుల్లో, అంతదాకా ఒళ్ళోకి ఎక్కిన పిల్లలు కూడా చేతికి బెదిరిపోతాయి. పెంపకంలో తప్పేమీ జరగలేదు, ఆ వయసే అంత. వెంటపడి పట్టుకుంటే బెదురు స్థిరపడిపోతుంది. నేల మీద కూర్చుని, మేత చేతిలో పెట్టుకుని, అవి వచ్చేదాకా ఆగండి. పైనుంచి చెయ్యి దించితే వాటికి గద్ద దిగినట్టే ఉంటుంది. పక్కనుంచి, కడుపు కింద చెయ్యి పెట్టి, రెక్కలు ఒంటికి ఆనేలా ఎత్తాలి. కాళ్ళు పట్టి, రెక్క పట్టి ఎత్తకూడదు. కోడికాలు తట్టుకుంటుందేమో, బాతుకాలు తట్టుకోదు.

నడిపించడం

మెడకి తాడు కట్టి లాక్కెళ్ళే ఆలోచన ఉంటే మానుకోండి. బెదిరి ఒక్క గుంజు గుంజితే మెడ పోతుంది. బాతుని వెనకనుంచి తోలాలి. కోతలయ్యాక చేలల్లో బాతుల మందలు తోలేవాళ్ళని చూసే ఉంటారు, చేతిలో పొడవాటి వెదురు బొంగు, దాని చివర గుడ్డపేలికో ప్లాస్టిక్ సంచో. అది కొట్టడానికి కాదు, దారి చూపడానికి. మీ రెండు పిల్లలకి నాలుగైదు అడుగుల సన్నటి కర్రలు రెండు చాలు. చెరో చేతిలో పట్టుకుని, చివరలు నేలకి దగ్గరగా ఉంచి, రెండు మూడు మీటర్ల వెనక నెమ్మదిగా నడవండి. కుడికి తిప్పాలంటే ఎడమ కర్ర కొంచెం ముందుకి. అంతే.

రోజూ ఒకే దారి. దారిలో కొత్తగా నీళ్ళ పైపు పడున్నా, ఎండలో చీర ఆరేసినా ఆగిపోయి మెడలు చాస్తాయి. తోయకండి, నిమిషం ఆగితే వాటంతట అవే తేల్చుకుంటాయి. తోస్తే రెండూ రెండు వైపులకి పారిపోతాయి. విడిపోయిన బాతుపిల్ల అరుపు ఆపదు, కాకి వినేది ఆ అరుపునే.

దూరం: మూడు నాలుగు వారాల వయసులో ఇరవై ముప్పై మీటర్లు, పావుగంట, రోజుకి రెండు విడతలు. ఐదారు వారాలకి అరగంట, వంద మీటర్ల దాకా. ఎనిమిది వారాల తర్వాత గంట నడిచినా ఫరవాలేదు, మధ్యలో నీళ్ళు ఉంటే. నడుస్తూ నడుస్తూ కూర్చుండిపోతే ఆ పూటకి అయిపోయినట్టే. రోజూ అలా కూర్చుంటుంటే అది నడక సమస్య కాదు, మేత సమస్య. దాని గురించి కింద చెబుతాను.

ఇప్పుడు ఫిబ్రవరి కాబట్టి ఎనిమిదిన్నర నుంచి పదకొండు లోపు, మళ్ళీ నాలుగు నుంచి ఐదున్నర లోపు మంచి వేళలు. పొద్దున్నే మంచు పడిన గడ్డిలో దించకండి, కడుపు తడిసి చలిపడతాయి. మార్చి చివరినుంచి లెక్క తిరగబడుతుంది: ఏడున్నర లోపే పొద్దుటి నడక అయిపోవాలి, సాయంత్రం ఐదు దాటాకే మళ్ళీ. బాతుకి చెమట పట్టదు. ముక్కు తెరుచుకుని ఎగపోస్తూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంటే వేడెక్కిందని అర్థం. వెంటనే నీడకి తెచ్చి కాళ్ళు తడిసేలా నీళ్ళలో నిలబెట్టండి. సిమెంటు రోడ్డు మీద మీ అరచెయ్యి ఐదు సెకన్లు ఆన్చలేకపోతే వాటి పాదాలు కూడా ఆన్చలేవు. గట్టి నేల మీద, కంకర మీద ఎక్కువగా తిరిగితే అరికాలిలో కాయలా మొదలై పుండు అవుతుంది. మట్టి, గడ్డి ఉత్తమం. కొబ్బరి తోట నీడ అన్నిటికంటే హాయి, కాయలు దింపే రోజున మాత్రం అటు తీసుకెళ్ళకండి.

కంచె

రెండు పిల్లలకి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న చట్రం చాలు. అడుగు ఉండకూడదు, రోజూ గడ్డి మీద జరుపుకునేలా ఉండాలి. చుట్టూ అర అంగుళం కన్ను ఉన్న ఇనుప మెష్ కొట్టండి. పెద్ద కన్ను ఉన్న కోళ్ళ జాలీలోంచి పిల్లలు తల బయటికి పెడతాయి, ముంగిస మూతి లోపలికి పెడుతుంది. పైకప్పు తప్పనిసరి. ఇంట్లో పడున్న పాత నైలాన్ చేపల వల పైన పరచడం మన వైపు అందరూ చేసే పని. అది వద్దు. పోగు సన్నం, కాలో మెడో చిక్కుకుంటే కొట్టుకునే కొద్దీ కోసుకుపోతుంది. పచ్చటి షేడ్ నెట్ బిగుతుగా లాగి కట్టండి, నీడా వస్తుంది.

పది నిమిషాల పనికైతే కోళ్ళగంప కమ్మి పైన రాయి పెట్టినా చాలు. గంప కింద వదిలేసి బజారుకి మాత్రం వెళ్ళొద్దు. కుక్క మూతితో నెట్టేస్తుంది, గంప ఎండలో ఉంటే లోపల ఉడికిపోతాయి.

నీళ్ళు

బాతు నీటిపక్షి అయినప్పుడు పిల్ల ఎందుకు తడిసి చనిపోతుంది? సొంత తల్లి రెక్కల కింద పెరిగిన పిల్లలు చిన్నప్పుడే నీళ్ళలో దిగుతాయి. అలిసినా చలిపడినా వెళ్ళి దాని కింద దూరతాయి, ఒళ్ళు వెచ్చబడి ఆరిపోతుంది. మీవి మెషీన్‌లోనో కోడి కిందో పొదిగించినవి. వాటికి ఆ ఆసరా లేదు. తోక మొదట్లో ఉండే నూనె గ్రంథి ఈ వయసులో ఇంకా సరిగ్గా పనిచేయదు. ఒంటి మీద ఉన్నది నూగు, ఈక కాదు. కాసేపటికి నూగు నీళ్ళు పీల్చి, బరువెక్కి, పిల్ల తోకభాగం నీళ్ళలోకి దిగిపోతుంది. గట్టెక్కలేకపోతే మునుగుతుంది, ఎక్కినా చలికి పోతుంది.

కాబట్టి టబ్బు. జాగ్రత్తలు ఇవీ:

వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్, నీళ్ళు రెండు అంగుళాలు. గంటసేపు ఎండలో పెట్టి గోరువెచ్చగా అయ్యాక వాడండి. లోపల ఒక ఇటుక, బయట ఒక ఇటుక పెట్టండి, వాటంతట అవే ఎక్కి దిగగలగాలి. ఇటుక లేని టబ్బు ఎంత లోతు తక్కువైనా ప్రమాదమే. బట్టలు ఉతికిన టబ్బు వాడొద్దు. సబ్బు మిగిలి ఉంటే ఉన్న కాస్త నూనె కూడా కడిగేస్తుంది. కాలువ రేవులో బట్టలుతికే చోటు వద్దనడానికీ కారణం ఇదే.

మూడో వారం ఐదు నిమిషాలు, నాలుగో వారం పది, ఐదారు వారాలకి ఇరవై నిమిషాలు, నీళ్ళు నాలుగైదు అంగుళాలు. మీరు పక్కనే ఉండాలి. బయటికి తీశాక మెత్తటి తువ్వాలుతో అద్ది, గాలి తగలని ఎండలో ఆరనివ్వండి. అవి ముక్కుతో ఒళ్ళు దువ్వుకోవడం మొదలుపెడితే సంతోషించండి, నూనె పట్టించుకోవడం అలాగే అలవాటవుతుంది.

నూగు పాయలు పాయలుగా అతుక్కుపోయి, వణుకుతుంటే: తువ్వాలుతో బాగా ఒత్తి, అట్టపెట్టెలో పెట్టి, ఒక పక్కన మాత్రమే అరవై వాట్ల పాతరకం (వేడెక్కే) బల్బు అడుగు పైన ఎత్తులో వేలాడదీయండి. రెండో పక్క చల్లగా ఉండాలి, వేడెక్కితే అవే జరుగుతాయి. ఒళ్ళు వెచ్చబడి లేచి తిరిగేదాకా నోట్లో ఏమీ పోయకండి.

ఈకలు పూర్తయ్యాయో లేదో చూడటానికి వయసు ఒక్కటే లెక్క కాదు. ముందు తోక, పక్కలు, కడుపు మీద వస్తాయి, వీపూ రెక్కలూ ఆఖరున. వీపు మీద నాలుగు నీటిచుక్కలు వేయండి. ముత్యాల్లా జారిపోతే సరే, ఇంకిపోతే ఇంకా టబ్బే.

కాలువ ఎందుకు వద్దంటున్నాను

మొదటిది పారుదల. గట్టు మీదనుంచి చూస్తే నింపాదిగా పోతున్నట్టే ఉంటుంది, తూము దగ్గరా లాకుల దగ్గరా నీళ్ళు లాగేస్తాయి. సిమెంటు లైనింగ్ వేసిన చోట గట్టు నిటారు, నునుపు. ఎక్కడానికి రేవు వెతుక్కుంటూ పిల్ల దిగువకి కొట్టుకుపోతూనే ఉంటుంది. ఇక గుర్రపుడెక్క: దాని మధ్యలోకి దూరితే మీరు కంచం వాయించినా అవి రాలేవు, మీరు దిగి తీసుకురాలేరు.

రెండోది నీటి కింద ఉండేవి. పెద్ద కొరమేను, వాలుగ లాంటివి నీటి మీద కదిలే చిన్న ప్రాణిని లాగేస్తాయి. ఎక్కడా చప్పుడు ఉండదు, రెండింట్లో ఒకటి కనపడదు, అంతే. జలగలు ముక్కు రంధ్రాల్లోకి దూరుతాయి. తల విదిలిస్తూ తుమ్ముతూ ఉంటే నోరూ ముక్కూ వెతకండి. చేపలకు కట్టిన వలలు, తెగిపడిన గాలపు దారం, గాలానికి కట్టే సీసపు గుళ్ళు కూడా ఉంటాయి. బాతు అడుగున బురద వడపోస్తూ మేస్తుంది, గులకరాయి అనుకుని సీసం మింగేస్తుంది. సీసం విషం.

మూడోది వేసవి. కాలువలు కట్టేశాక మడుగుల్లో నీళ్ళు మిగిలి, చేపలు చచ్చి కుళ్ళుతాయి. ఆ కుళ్ళులో బ్యాక్టీరియా పుట్టించే బొటులిజం విషం, అక్కడ పట్టిన పురుగుల్ని తిన్న బాతుల్ని పడగొడుతుంది. ముందు కాళ్ళు, తర్వాత రెక్కలు, ఆఖరికి మెడ వాలిపోతుంది. తలెత్తలేక అదే నీళ్ళలో మునిగి చనిపోతాయి. అలా వాలిన బాతుని చూస్తే ఆ క్షణమే మిగతా వాటిని ఆ నీటినుంచి తప్పించి, మంచి నీళ్ళు తాగించి, పశువుల డాక్టరుకి చూపించండి. జూన్‌లో మళ్ళీ కాలువలు వదిలిన మొదటి రోజుల్లో నీళ్ళు ఎంత చెత్త మోసుకొస్తాయో మీకు చెప్పక్కర్లేదు.

రొయ్యల చెరువులూ చేపల చెరువులూ దగ్గర్లో ఉంటే అటు అసలు వెళ్ళనివ్వకండి. పిట్టల కోసం పైన కట్టిన నైలాన్ దారాలు, చెరువులో వేసే మందులు ఒక ఎత్తు. ఉప్పు నీరు ఇంకో ఎత్తు. చిన్నపిల్లలు ఉప్పునీరు తాగితే బతకవు. సముద్రం వైపు ఊళ్ళలో బోరు నీళ్ళే ఉప్పుగా ఉంటాయి కాబట్టి తాగే నీళ్ళు మీరు తాగేవే పెట్టండి. పైగా రొయ్యల రైతుకి బయటి పక్షి అంటే రోగం మోసుకొచ్చేదే. తగువు మీ మీదికే వస్తుంది.

చేలు

దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఇప్పుడు దాళ్వా ఊడ్పులు అయి, మందులు పడే రోజులు. పురుగుకి చల్లే గుళికల్లో కార్బోఫ్యూరాన్ పక్షులకి చాలా ఘాటైన విషం. బాతు వాటిని ఇసుకరేణువుల్లాగే ఏరుకుంటుంది, కొద్ది గుళికలే చాలు. ఇంకోటి ఎలుకల మందు. ఎర ఎలా కలుపుతారో తెలుసు కదా, 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు మందు. అంటే మీ పిల్లలు రోజూ తినే నూకలే. గట్టు మీద కలుగుల దగ్గర పొట్లాలు చింపుకుని తినేస్తాయి. కాబట్టి పక్క చేలో ఏం చల్లారో ఆ రైతుని అడగకుండా బోదె (చేలకి నీళ్ళు పారే చిన్న కాలువ) దాటనివ్వొద్దు. చల్లిన చేలోంచి మీ దొడ్లోకి వచ్చే బోదె నీళ్ళ దగ్గర కూడా అదే జాగ్రత్త. కోతలయ్యాక, ఎర పొట్లాలు లేని చేలో తిప్పుకోండి. రాలిన గింజలు, నత్తలు, పురుగులు, అంతకన్నా మంచి మేత లేదు.

దొడ్లో గన్నేరు, ఆముదం, ఉమ్మెత్త ఉంటే కంచె అటు జరపకండి. ఇంటి పని జరిగిన చోట మేకులు, తీగముక్కలు ఏరెయ్యండి. మెరిసేవన్నీ మింగుతాయి.

పొంచి ఉండేవి

ఈ వయసులో మొదటి శత్రువు కాకి. ఒకటి వెనకనుంచి తోక లాగుతుంది, పిల్ల తిరిగేలోపు రెండోది కన్ను పొడుస్తుంది. తర్వాత గద్ద. ఐదారు వారాలు దాటి ఒళ్ళు వస్తే కాకి భయం తగ్గుతుంది, ముంగిస, కుక్క భయం మిగులుతుంది. ముంగిస పట్టపగలే వస్తుంది. జంగుపిల్లి మునిమాపున, తెల్లవారుజామున. సొంత కుక్క ఎంత మంచిదైనా పరిగెత్తే బాతుని చూస్తే దాని బుద్ధి దానిది. బాతుపిల్లలతో దాన్ని ఒంటరిగా వదలకండి.

రాత్రి గూట్లోనే. పందికొక్కు కిందనుంచి తవ్వుకుని వస్తుంది కాబట్టి మెష్‌ని అడుగు లోతు పాతండి, లేదా గూడు చుట్టూ నేల మీద అడుగు వెడల్పున పరిచి ఇటుకలు పేర్చండి. తలుపుకి గొళ్ళెం, గాలికి పైన జాలీ. కింద ఊక పరవండి. న్యూస్‌పేపరు జారుతుంది, చిన్న బాతుపిల్లల కాళ్ళు రెండు వైపులకి చీలిపోయి మళ్ళీ సరిగ్గా నిలబడలేవు.

నడవలేని బాతుకి వ్యాయామం ఏమిటి

బాతుపిల్ల కుంటుతుంటే, మోకాళ్ళు వంకరపోయి కూర్చునే తింటుంటే, చాలాసార్లు దెబ్బ కాదు, నియాసిన్ అనే బి విటమిన్ లోపం. కోడిపిల్లకి కిలో మేతలో 35 మిల్లీగ్రాములు సరిపోతే, బాతుపిల్లకి 55 కావాలి. బ్రాయిలర్ స్టార్టర్ (కోడిపిల్లల మొదటి దాణా) కొని పెడుతుంటే, ఒట్టి నూకలూ తవుడే పెడుతుంటే, ఈ లోటు వస్తుంది. కిలో దాణాకి 50 గ్రాముల బ్రూవర్స్ ఈస్ట్ పొడి కలపండి. మొదట్లోనే పట్టుకుంటే కొద్దిరోజుల్లో తేడా తెలుస్తుంది, ఎముక వంగి గట్టిపడితే తిరగదు.

వేరుశనగ చెక్కలో నియాసిన్ బాగా ఉంటుందని కొందరు అదే పెడతారు. నేను వద్దంటాను. బూజు పట్టిన చెక్కలోనూ మొక్కజొన్నలోనూ చేరే అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతుపిల్ల అంత తొందరగా పోయే పెంపుడు పక్షి ఇంకోటి లేదు. మన తేమకి ఏదైనా బూజు పడుతుంది. మేత రెండు వారాలకి మించి కొని నిలవ చేయకండి. ముక్కవాసన వస్తే పారెయ్యండి, కడిగి పెట్టకండి.

మూడు వారాలు దాటాయి కాబట్టి స్టార్టర్ నుంచి నెమ్మదిగా మాంసకృత్తులు 16 నుంచి 18 శాతం ఉన్న గ్రోయర్‌కి మార్చండి. బలం ఎక్కువైన మేత, బ్రెడ్డు ముక్కలు పెడితే రెక్క చివర బయటికి తిరిగిపోతుంది. మొదట్లో చూస్తే రెక్కని సహజంగా మడిచి మెత్తటి టేపుతో మూడు నాలుగు రోజులు చుట్టి ఉంచితే సర్దుకుంటుంది. మేత పక్కన ఎప్పుడూ నీళ్ళుండాలి, ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు. పొడి దాణా గొంతుకి అడ్డం పడుతుంది, ముక్కు కడుక్కోలేకపోతే కళ్ళు పుసులు కడతాయి.

రోగాలు, టీకాలు

2025 ఫిబ్రవరిలో తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు అగ్రహారం కోళ్ళ ఫారాల్లో బర్డ్ ఫ్లూ తేలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. బాతు ఆ వైరస్‌ని పైకి ఏ జబ్బూ కనపడకుండానే మోయగలదు. చలికాలంలో వలస పక్షులు దిగే చెరువులకీ, కొల్లేరు, కోరింగ లాంటి చోట్ల నీటికీ మీ పిల్లల్ని దూరంగా ఉంచండి. చచ్చిన పక్షి దొడ్లో పడితే ఒట్టి చేత్తో తీయకండి, పశువైద్యశాలకి చెప్పండి.

టీకాలు: బాతు కలరాకి మూడు నాలుగు వారాలకి, బాతు ప్లేగుకి ఎనిమిది వారాలు దాటాక వేయిస్తారు. ప్లేగు మందు సీసా కలిపాక ఆ పూటే వాడేయాలి, రెండు పిల్లల కోసం ఎవరూ సీసా తెరవరు. దగ్గర్లో మందలు తోలేవాళ్ళకి ఎప్పుడు వేస్తున్నారో మీ పశువైద్యశాలలో కనుక్కుని ఆ రోజే తీసుకెళ్ళండి.

పిల్లలు బాతుల్ని ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు పెట్టనివ్వకండి. బాతులు ఆరోగ్యంగా ఉన్నా రెట్టలో సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా ఉండొచ్చు, ఐదేళ్ళ లోపు వాళ్ళకి అది పెద్ద జబ్బే.

మీ చివరి ప్రశ్న, తప్పిపోతే ఏం చేయాలి అని. అరుస్తూ వెతకకండి, వీధి కుర్రాళ్ళని నాలుగు వైపులా దించకండి. దాక్కున్న బాతు ఆ గోలకి ఇంకా లోపలికి పోతుంది. మిగిలిన దాన్ని గంప కింద పెట్టి, తప్పిపోయిన చోటికి దగ్గరగా నీటి ఒడ్డున ఉంచండి. అది ఒంటరిగా ఉండలేక అరుస్తూనే ఉంటుంది, మీ కంచం కంటే ఆ అరుపు దూరం పోతుంది. పొద్దు వాలే ముందు అరగంటలోనే ఎక్కువగా వచ్చేస్తాయి. మీరు నాలుగు మీటర్ల వెనక కూర్చుని, అది ఒడ్డెక్కి గంప దగ్గరికి వచ్చేదాకా కదలకండి. చీకటి పడితే గంప దగ్గర చిన్న దీపం పెట్టి, కుక్కలు రాకుండా ఒకరు కాపలా ఉండండి. రెండూ కలిశాక అక్కడికక్కడే పట్టుకోకుండా, మూడు దెబ్బలు కొట్టి ఇంటి దాకా నడిపించుకు వెళ్ళండి.